ఎర్రటి మొప్పలు

మా ఇంటి నుంచి, చేపల తొట్టి పక్క గదిలో కూర్చుని
చలి మొదలైన రోజులు

పిన్నికి,

నీ చెవులు పనిచేసే రోజుల్లో అయితే ఫోన్ చేసి ఏడ్చేదాన్ని. ఇప్పుడు కాగితం మీద ఏడవాలి. చేపపిల్లల్ని పెంచే ఆ హేచరీ ఇంజన్ల మోత నీ చెవులు తినేసింది కానీ, దాని పుణ్యమా అని నాకు ఉత్తరాలు రాయడం వచ్చింది.

నువ్వు చేపల డాక్టరువి కనుక నీకే చెప్పుకోవాలి. మా అత్తగారి చేపలు చచ్చిపోతున్నాయి. చంపుతున్నది నేనని ఆవిడ నమ్మకం.

పెళ్ళిలో చూశావు కానీ ఆవిడ సంగతి నీకు పూర్తిగా తెలియదు. ఏళ్ళ తరబడి ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పిన మనిషి. మెడలో విజిల్ ఇప్పుడు లేదు, గొంతులో ఉంది. వీధిలో అందరూ విజిలమ్మ అంటారు, ఎదురుగా మాత్రం ఒక్కరూ అనరు. ఉద్యోగం వదిలిన రోజు తోటివాళ్ళు ఏం కానుక కావాలని అడిగితే, గోడ గడియారం మాత్రం తేవద్దని ముందే చెప్పారట. బతుకంతా మందు కలిపిన నీళ్ళు చూశాను, ఇక ఉప్పునీళ్ళు చూస్తానన్నారట. అలా వచ్చింది ఈ సముద్రపు చేపల తొట్టి. మంచమంత పొడుగుంటుంది, ఆవిడ మంచం పక్కనే ఉంటుంది. పొద్దున లేవగానే పలకరించేది దాన్నే. తొట్టి పెద్ద కొడుకు, నేను చిన్న కొడుకుని అని నీ అల్లుడు నవ్వుతుంటాడు.

అందులో ఒక నీలం చేప, ఒక పచ్చ చేప, తెల్ల పట్టీలున్న జోకరు చేపల జంట, ఇంకా పేరు తెలియని చిన్నవి కొన్ని ఉండేవి. ఒక చారల రొయ్య, నత్తలు, గుల్ల మోసుకు తిరిగే ఒక సన్యాసి పీత కూడా. మొన్న నీలం చేప పోయింది. పొద్దున మేత బాగానే తింది. నేను స్నానం చేసి కళ్ళజోళ్ళ కొట్టుకి బయల్దేరే వేళకి నీళ్ళ పైకొచ్చి నోరు తెరిచి మూస్తోంది. మధ్యాహ్నానికి పక్కకి వాలిపోయిందట. నిన్న పచ్చదీ అంతే.

ఈ మధ్యే నేల తుడిచే మందు కొత్తది తెచ్చాను, నిమ్మకాయ వాసనది. అత్తగారు ఆ సీసా మూత తీసి వాసన చూశారు. తొట్టి వంక చూశారు. తరవాత నా వంక చూశారు. ఇంట్లో ఉండేది ముగ్గురం. నీ అల్లుడు బస్సు నడుపుతూ వారంలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఇక మిగిలింది ఎవరో వేరే చెప్పాలా? నేను ఆ మందు మానేసి వట్టి నీళ్ళతో తుడుస్తున్నాను. అయినా ఆ చూపు మానలేదు.

ఏం చెయ్యాలో రాయి పిన్నీ. చేపల గురించే కాదు, ఆ చూపు గురించి కూడా.

నీ పిట్ట

*

హేచరీ నుంచి, పిల్లచేపల షెడ్డు పక్కన

పిట్టకి,

చెవిటిదాని ముందు శంఖం ఊదితే లాభం లేదు, రాసి పంపితే లాభం ఉంది. మంచి పని చేశావు.

చేప చచ్చిందంటే అందరూ నీళ్ళనే అనుమానిస్తారు. నీళ్ళే ముద్దాయి అవ్వాలని లేదు. నేను అడిగేవాటికి జవాబు రాయి. చచ్చిన చేపల ఒంటి మీద తెల్లటి పొడి లాంటిది గానీ, చుక్కలు గానీ ఉన్నాయా? రాళ్ళకి ఒళ్ళు రుద్దుకున్నాయా? రొయ్య, నత్తలు ఎలా ఉన్నాయి? రొయ్య సంగతి ముఖ్యం. రాగి లాంటి లోహం కలిసినా, పురుగుల మందు పడినా ముందు పోయేది రొయ్యే. అది హాయిగా తిరుగుతుంటే కథ వేరు. ఈ మధ్య ఆ గదిలో ఏం మారింది? రంగు వేశారా, కొత్త సామాను తెచ్చారా?

ఉప్పు కలిపిన నీళ్ళు ఒక రోజు ముందే తయారుచేసి, తొట్టి నీళ్ళు కొంచెం కొంచెంగా మార్చండి. మేత తగ్గించండి.

ఇంకో మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఆ తుడుపు మందు బకెట్లో చెయ్యి పెట్టి, అదే చేత్తో మేత వేశావేమో. లేదా ఆవిడ మీద చిరాకులో ఏదో పొరపాటు జరిగిందేమో. జరిగుంటే నాకు చెప్పు, నా కడుపులోనే పెట్టుకుంటాను. కారణం తెలిస్తే మిగతా చేపలనైనా దక్కించుకోవచ్చు.

ఆ చూపు గురించి: కళ్ళజోళ్ళ కొట్టులో అద్దాలు అరగదీసే పిల్లవి, చూపులు సరిచెయ్యడం నీకే తెలియాలి.

మీ పిన్ని

*

కళ్ళజోళ్ళ కొట్టు నుంచి, భోజనాల వేళ

పిన్నికి,

ఇంట్లో రాస్తే కాగితం తడుస్తుందని కొట్టులో కూర్చుని రాస్తున్నాను.

నువ్వు కూడా అడిగావు. ఆవిడ అడిగితే పరాయి పిల్లనని అనుకోవచ్చు. నన్ను ఎత్తుకుని పెంచిన దానివి, నువ్వు అడిగావు. లేదు పిన్నీ, నా చెయ్యి ఆ తొట్టిలో ఎప్పుడూ పడలేదు. మేత ఆవిడ వేస్తారు, నీళ్ళు ఆవిడ మారుస్తారు, అద్దం ఆవిడే తుడుస్తారు. నేను తొట్టి దగ్గరికి వెళితే పిల్లల్ని లోతు వైపు వెళ్ళనివ్వని మాస్టారులా చెయ్యి అడ్డం పెడతారు.

నువ్వు అడిగినవాటికి జవాబులు: చుక్కలు లేవు, పొడి లేదు. ఒళ్ళు రుద్దుకోలేదు. రొయ్యకి ఏమీ కాలేదు, ఇంకా హుషారుగా చచ్చిన చేపని పీక్కుతినబోయింది. నత్తలు బాగున్నాయి, పీత బాగుంది. గదిలో ఏమీ మారలేదు. రంగు లేదు, సామాను లేదు. నీళ్ళు నువ్వు చెప్పినట్టే మార్చారు. మా పిన్ని చెప్పిందని అన్నందుకు విన్నారు, నేను చెప్పానంటే వినేవారు కాదు. అయినా పేరు తెలియని చిన్నవన్నీ పోయాయి. అన్నీ పొద్దుటి పూటే. మిగిలింది జోకరు జంట మాత్రమే.

నిన్న పాలవాడి ముందర, మా ఇంట్లో చేపలకి అచ్చిరాని మనుషులున్నారని అన్నారు. అతను నవ్వాడు. నేను చెంబు తీసుకుని లోపలికి వచ్చేశాను.

నీతో ఒక సంగతి దాచాను. కొట్టు యజమాని పక్క ఊళ్ళో ఇంకో కొట్టు తెరుస్తున్నాడు. అక్కడికి వస్తావా, పైన గది కూడా ఇస్తానన్నాడు. నీ అల్లుడి బస్సు ఆ ఊరి మీదుగానే పోతుంది. సరే అనేద్దామని ఉంది. నీ అల్లుడికి చెప్పాను. అతను కాసేపు చెప్పు కొనతో నేల గీరి, నీ ఇష్టం అన్నాడు. అంటే అతనికీ ఇష్టం లేదని, నన్ను ఆపే మొహమూ లేదని. నెలాఖరుకి వెళ్ళిపోతాం. ఆవిడా, ఆవిడ తొట్టీ సుఖంగా ఉంటారు.

నీ పిట్ట

*

హేచరీ నుంచి

నా పిట్టకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ ప్రశ్న అడగాల్సింది కాదు. చేపల్ని చూసి చూసి మనుషుల్ని కూడా తొట్టిలో పెట్టి చూడటం అలవాటైపోయింది. నన్ను క్షమించమని అడగను. నువ్వు ఎలాగూ క్షమిస్తావు, అది నీ బలహీనత.

వేరు కాపురం పెడతానంటే వద్దనే హక్కు నాకు లేదు. నేనే ఎవరితోనూ ఇమడలేక ఈ ఒడ్డున ఒంటరిగా ఉన్నదాన్ని. కానీ మీద పడ్డ నింద మూటకట్టుకుని మాత్రం వెళ్ళకు. అది కొత్త ఇంట్లో కూడా ఓ మూల కూర్చుంటుంది. కారణం తేలాక వెళ్ళు, తల ఎత్తుకుని వెళ్ళు. అందుకోసమైనా నాకు కొంచెం సాయం చెయ్యి.

రొయ్య బాగుంది, నత్త బాగుంది. అంటే విషం కాదు. చుక్కల్లేవు, అంటే రోగమూ కాకపోవచ్చు. పైకొచ్చి నోరు తెరుస్తున్నాయంటే ఊపిరాడటం లేదు. చలికి తలుపులు మూసేసి ఉంటారు, నీళ్ళలో గాలి తగ్గి ఉంటుంది. కనుక గాలి పెంచండి. బుడగలు వచ్చే రాయి ఇంకొకటి వెయ్యండి, వీలైతే పెద్ద పంపు కొనండి. చేప ఇంకొకటి పోతే పారెయ్యకుండా మంచు ముక్కల్లో పెట్టి మీ ఆయన బస్సులో పంపు. మా గేటు ముందు నుంచే కదా వెళ్తాడు. చూడకుండా చెప్పే వైద్యం చీకట్లో సూదికి దారం ఎక్కించినట్టే.

మీ పిన్ని

*

ఇంటి నుంచి, హడావిడిగా

పిన్నికి,

నీ అల్లుడు చెప్పులు వేసుకుంటున్నాడు, అతని చేతికే ఈ ఉత్తరం, మంచు ఫ్లాస్కు ఇస్తున్నాను. ఫ్లాస్కులో జోకరు చేపల్లో ఆడది ఉంది.

నువ్వు చెప్పినట్టే రెండో రాయి వేశాం, పెద్ద పంపు తెచ్చాం. బుడగలు వరద గేటు ఎత్తినట్టు వస్తున్నాయి. కానీ పిన్నీ, గాలి పెంచాక ఇంకా తొందరగా పోయింది. ఇదివరకు మధ్యాహ్నం దాకా ఉండేవి. ఇది నేను జడ వేసుకునే లోపే వెల్లకిలా పడింది. పంపు ఆపితేనే నయమనిపించి, రెండోదాన్నైనా దక్కించుకుందామని నేనే ప్లగ్గు పీకాను. మొదటిసారి ఆవిడ నన్ను అడ్డుకోలేదు. అడ్డుకునే ఓపిక లేనట్టుంది.

ప్లగ్గు పీకే ముందు, పంపు చెడిపోయిందేమోనని బాల్కనీలోకి వెళ్ళి చూశాను, బాగానే తిరుగుతోంది. పంపు గదిలో ఉండదులే. దాని మోతకి ఆవిడకి నిద్రపట్టటం లేదని చలి మొదట్లో నేనే దాన్ని బాల్కనీలోకి, గ్యాసు గీజరు పక్కన అరలోకి మార్చాను. గొట్టం కిటికీ సందులోంచి గదిలోకి వస్తుంది. తడిసే భయం లేదు, ఆ వారమే నీ అల్లుడు బాల్కనీకి చుట్టూ అద్దాలు బిగించాడు. పొద్దున్నే అక్కడ బట్టలు ఉతికే వాళ్ళమ్మకి చలిగాలి కొట్టకూడదని.

ఆవిడ ఒంట్లోనూ బాగుండటం లేదు. రోజూ తలనొప్పి. బట్టలు ఉతికి వచ్చి, పగలే పడుకుంటున్నారు. మాట మధ్యలో ఏం చెబుతున్నారో మరిచిపోతున్నారు. డాక్టరు వయసన్నాడు. నాకూ సెలవు రోజుల్లో తల పగిలిపోతుంది, కొట్టుకి వెళ్ళగానే తగ్గిపోతుంది. అత్తగారంటే మరీ ఇంత తలనొప్పా అని నాలో నేనే నవ్వుకున్నాను.

హారన్ కొడుతున్నాడు. ఉంటాను.

పిట్ట

*

హేచరీ ఆఫీసు బల్ల మీద నుంచి

పిట్టా,

ఇది చదివే వేళకి మా గుమస్తా చేత చేయించిన ఫోను నీకు అంది ఉండాలి. అందకపోతే ఇక్కడే ఆపి, వెళ్ళి కిటికీలు, తలుపులు అన్నీ తెరువు. గీజరు ఆపు. మీ అత్తగారిని ఇంట్లోంచి బయటికి తీసుకురా. మిగతాది బయట నిలబడి చదువు.

మీ ఆయన ఫ్లాస్కు, ఉత్తరం గేటు దగ్గర కాపలావాడికిచ్చి, బస్సు నిండా జనం ఉన్నారని వెళ్ళిపోయాడట. నేను ముందు చేపని చూశాను. చచ్చిన చేప మొప్పలు కాసేపటికి వెలిసి మట్టిరంగుకి తిరుగుతాయి. ఇవి దానిమ్మ గింజల్లా ఎర్రగా ఉన్నాయి, ఈత కొడుతున్న చేపకి కూడా అంత ఎరుపు ఉండదు. మంచులో ఉండటం వల్లనేమో అనుకున్నాను. తరవాత నీ ఉత్తరం విప్పాను. గాలి పెంచితే తొందరగా పోయిందని రాశావు. అక్కడ నా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. నీళ్ళని అనుమానించాను, మందుని అనుమానించాను, నిన్ను అనుమానించాను. గాలిని మాత్రం అనుమానించలేదు. గాలి మంచిదే కదా అనుకున్నాను.

గ్యాసు సరిగ్గా మండకపోతే ఒక విషవాయువు వస్తుంది. రంగు ఉండదు, వాసన ఉండదు. తెరిచి ఉన్న బాల్కనీలో గీజరు వదిలేది వీధిలోకి పోయేది. అద్దాలు బిగించాక అది అక్కడే నిండుతోంది. మీ పంపు దాన్నే పీల్చి చేపలకి పడుతోంది. అది ఎర్ర నెత్తురుని పట్టుకుంటే వదలదు. నెత్తురు ఇంకా ఎర్రబడుతుంది, ఊపిరి మాత్రం అందదు. చేప నెత్తురు మనలాగే ఎరుపు. రొయ్య నెత్తురు నీలం, నత్తదీ అంతే. ఆ వాయువుకి అది అంతగా చిక్కదు. అందుకే మీ రొయ్య హుషారుగా ఉంది. రొయ్య బతికింది కనుక విషం కాదని నీకు ధీమాగా రాసిన పిన్ని ఇదే.

చేపల తలనొప్పి, మీ అత్తగారి తలనొప్పి, నీ తలనొప్పి ఒకటే పిట్టా. ఇదంతా తప్పని తేలితే నన్ను చూసి నవ్వండి, నేనూ నవ్వుతాను. కానీ ముందు ఆవిడని ఆస్పత్రికి తీసుకెళ్ళు. గ్యాసు పీల్చిందేమో, నెత్తురు పరీక్ష చెయ్యండి అని అడుగు. వయసు అంటే ఊరుకోకు.

ఈ ఉత్తరం సాయంత్రం బస్సుకిచ్చి పంపుతున్నాను. ఫోనులో నీ గొంతు నాకు వినపడదు. గుమస్తా పక్కనే కూర్చున్నాను, ఏదైనా కబురు వస్తే కాగితం మీద రాసి చూపిస్తాడని.

పిన్ని

*

ఆస్పత్రి వరండా నుంచి

పిన్నికి,

బతికే ఉన్నారు. ముందు ఆ మాట. మీ గుమస్తాకి కొట్టు నుంచి కబురు చెప్పించాను కానీ, నా చేత్తో రాస్తే గానీ నువ్వు నమ్మవని తెలుసు.

ఆ రోజు ఫోను ఎత్తింది మా యజమాని. నేను అద్దం అరగదీస్తున్నాను. ఆయన నా దగ్గరికొచ్చి, ఏమీ అర్థం కానట్టు మొహం పెట్టి, మీ పిన్నిగారు కిటికీలు తెరవమంటున్నారు, గీజరు ఆపమంటున్నారు, అత్తగారిని బయటికి తెమ్మంటున్నారు, కారణం తరవాతట అన్నాడు. నువ్వు ఊరికే హడావిడి చేసే మనిషివి కాదు. నేను పని బల్ల మీద వదిలేసి పరిగెత్తాను. చెప్పులు కొట్టులోనే ఉండిపోయాయి.

తలుపు తీసేసరికి ఇల్లు వెచ్చగా, ప్రశాంతంగా ఉంది. అందుకే నాకు భయం వేసింది. ఆ రోజు దుప్పట్లు ఉతుకుదామని గీజరు వేసి ఉంచారట. అది ఇంకా మండుతోంది. ఆవిడ తొట్టి ముందు పీట మీద కూర్చుని, తల అద్దానికి ఆనించి ఉన్నారు. అప్పుడే కొట్టు మూసేశారా అని అడిగారు, మాట ముద్దగా వచ్చింది. ముందు గీజరు ఆపాను. కిటికీలు తీశాను. బాల్కనీ అద్దం గడియ బిగుసుకుపోయి రాలేదు, ఇస్త్రీ పెట్టెతో పగలగొట్టాను. లెమ్మంటే లేవరు. చేపకి మేత వెయ్యాలంటారు. కాళ్ళు నిలవటం లేదు, అయినా నా చెయ్యి విదిలించేస్తున్నారు.

అప్పుడు నా నోట్లోంచి ఆవిడ గొంతే వచ్చింది పిన్నీ. "నేను చెప్పినట్టు వినండి. చెయ్యి నా భుజం మీద వెయ్యండి. కాలు ముందుకి వెయ్యండి." బహుశా ఎన్నో వందల మంది పిల్లలకి తను చెప్పిన మాటలే కాబోలు, వెంటనే విన్నారు. కింద కుట్టుపని చేసే ఆయన అద్దం పగిలిన శబ్దానికి పైకి వస్తున్నాడు. ఇద్దరం కలిసి మెట్లు దింపి, ఆయన మిషను ముందున్న కుర్చీలో వీధిలో కూర్చోబెట్టాం. ఆటోకి వాళ్ళావిడ పరిగెత్తింది.

ఆస్పత్రిలో కుర్ర డాక్టరు వయసు అనబోయాడు. నేను ఊరుకోలేదు. నెత్తురు పరీక్ష చేశాక అతని మొహం మారిపోయింది, నన్ను కూడా కూర్చోబెట్టి నెత్తురు తీశాడు. నాలోనూ ఉందట, కొంచెం. ఆవిడకి ముక్కు మీద మాస్కు పెట్టి ఆక్సిజన్ ఎక్కించారు. దుప్పట్లన్నీ ఉతకడం పూర్తయ్యే దాకా ఆ గాల్లోనే ఉండి ఉంటే మాత్రం మనకి దక్కేవారు కాదన్నాడు. ఎవరు కనిపెట్టారని అడిగాడు. చేపలు అన్నాను. తరవాత సరిగ్గా, మా పిన్ని అన్నాను.

మర్నాటికి తెలివి తేటగా వచ్చింది. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసి, మాస్కు పక్కకి లాగి, "చేపల్ని నువ్వు చంపలేదే," అన్నారు. ఎన్ని వారాలు ఆ మాట కోసం కాచుకున్నానో నీకు తెలుసు. వినగానే నాకు వచ్చింది కోపం. మాస్కు తీశారేమిటని కసిరాను. మళ్ళీ పెట్టేసుకున్నారు. కళ్ళు మాత్రం నా మీదే ఉంచారు.

నీ అల్లుడు బస్సు దిగి వచ్చి మంచం పక్కన కూర్చుని, అద్దాలు బిగించింది నేనే కదమ్మా అని ఒకటే ఏడుపు. పంపు మార్చింది నేను. ఇద్దరం ఆవిడ సుఖం కోరే చేశాం. ఆవిడ అతని తల మీద చెయ్యి వేసి, చలి వెయ్యలేదురా నాకు, ఆ మాట నిజం అన్నారు. ఇంటికెళ్ళి అద్దాలన్నీ అతనే ఊడదీశాడు. గీజరుకి గొట్టం వేసి బయటికి పెట్టించేదాకా వంటింట్లో కాచిన నీళ్ళే.

నువ్వు చేపని చూడకపోతే, నువ్వు నా తలనొప్పి మాట పట్టుకోకపోతే, నెలాఖరుకి నేను ఆ పక్క ఊళ్ళో ఉండేదాన్ని. ఆవిడ ఒక్కరే ఆ గదిలో ఉండేవారు. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు, వయసు అనేవాళ్ళు. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా లేచి వెళ్ళి ఆవిడ ఊపిరి చూసొస్తున్నాను. నీకు కృతజ్ఞత చెప్పడానికి మాట వెతుకుతున్నాను. పిన్నీ అని పిలవడమే వచ్చు నాకు. పిన్నీ.

పిట్ట

*

హేచరీ నుంచి

నా తల్లి పిట్టకి,

గుమస్తా కాగితం మీద "బాగున్నారు" అని రాసి చూపించాడు. అతని దస్తూరీ కోడి గీతల్లా ఉంటుంది, అయినా ఇంతకన్నా అందమైన అక్షరాలు నేను చూడలేదు.

నాకు కృతజ్ఞతలేమిటి? ఫ్లాస్కు మోసుకొచ్చిన మీ ఆయనకి చెప్పు. అర్థంకాని కబురుని పొల్లుపోకుండా అప్పజెప్పిన మీ యజమానికి చెప్పు. కుట్టుపని ఆయనకి, ఆటో కోసం పరిగెత్తిన ఆ ఇల్లాలికి చెప్పు. గాలి పెంచమని నేను చేసిన తప్పు వైద్యమే చివరికి దారి చూపించింది, దానికి మాత్రం నేనే దేవుడికి చెప్పుకున్నాను.

ఇక్కడ నాతో మాట్లాడేది తొట్లే. ఇన్నేళ్ళు చేపల ప్రాణాలు లెక్కపెట్టిన చదువు, ఒక మనిషి ప్రాణానికి అక్కరకొచ్చింది. నాకిది చాలు, మిగతా బతుకంతా సరిపోతుంది.

ఆ మిగిలిన జోకరు చేపని కొన్నాళ్ళు ఒంటరిగానే ఉండనివ్వండి. పంపు గదిలో పెట్టండి, మోత వస్తే రానీ. కొత్త చేపలు తొందరపడి కొనొద్దని ఆవిడకి చెప్పు. వెళ్ళే సంగతి ఏం చేశావో రాయలేదు. రాయాలనిపించినప్పుడు రాయి.

పిన్ని

*

మా ఇంటి నుంచి, కిటికీలు తెరిచి

వదినగారికి నమస్కారాలు.

నేను చెబుతుంటే మా కోడలి చేత రాయించవచ్చు కానీ, ఇది నేనే రాయాలి. పిల్లల హాజరు తప్ప ఏమీ రాసి ఎరగను, తప్పులుంటే సర్దుకోండి. పెళ్ళిలో మీతో రెండు మాటలకన్నా మాట్లాడలేదు. మీకు సరిగ్గా వినపడదని అప్పుడు తెలియక, మీకు గర్వమనుకున్నాను. ఈసారి రండి, నా గొంతు మీకు వినపడుతుంది, అందులో అనుమానం లేదు.

మీరు నా ప్రాణం నిలిపారు. ఆ మాట తిన్నగా చెప్పేస్తున్నాను, నాకు మెలికలు తిప్పడం రాదు. నీళ్ళలో మునిగేవాళ్ళని నేను కొందరిని పైకి లాగాను. వాళ్ళ తల్లులు వచ్చి నా చేతులు పట్టుకుంటే, నా పనే కదమ్మా అని పంపేసేదాన్ని. వాళ్ళకి ఎలా ఉండేదో ఇప్పుడు తెలిసింది. నా చేతుల్లో మీ చేతులు లేవని నాకు వెలితిగా ఉంది.

ఇంటికొచ్చాక ఊరుకోలేకపోయాను. మా మేడలో చలికి బాల్కనీ మూసుకున్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అన్నీ ఎక్కి దిగాను. పై అంతస్తులో పసిపిల్లతో ఉన్న దంపతుల ఇంట్లోనూ గీజరు అద్దాల మధ్యే ఉంది. ఆ అమ్మాయి పిల్ల ఊరికే వాంతి చేసుకుంటోందని, పాలు పడటం లేదని అనుకుంటోంది. నేను అక్కడే నిలబడి అద్దాలు తీయించాను. ఇంటి యజమాని గొణిగాడు. ఈతకొలను అవతలి గట్టుకి వినపడేలా నాలుగు మాటలన్నాను, మర్నాడే మనిషిని పంపి అన్ని గీజర్లకీ బయటికి గొట్టాలు పెట్టించాడు. పిల్ల ఇప్పుడు పాలు తాగుతోంది. అది కూడా మీ ఖాతాలోదే.

ఇక మా కోడలి సంగతి. మీ అమ్మాయిని నేను చాలా బాధపెట్టాను. పాలవాడి ముందర ఒక మాట అన్నాను. అతను మళ్ళీ వచ్చినప్పుడు పిలిచి నిలబెట్టి, ఆ మాట తప్పని చెప్పాను. అతనికి గుర్తు కూడా లేదు. నాకుంది, అమ్మాయికుంది.

తను వెళ్ళిపోదామనుకున్న సంగతి ఆస్పత్రిలో మా వాడు చెప్పాడు. ఇంటికొచ్చాక అమ్మాయి ఇక వెళ్ళనంది. రోజూ కొట్టు నుంచి మధ్యలో ఒకసారి పరిగెత్తుకొచ్చి నన్ను చూసిపోతోంది. రాత్రి లేచి నా ముక్కు దగ్గర చెయ్యి పెడుతోంది. వదినగారూ, ఆ పిల్ల నా మీద ప్రేమతో ఉంటే ఉండమనేదాన్ని. భయంతో ఉంటోంది. ఒకసారి నీళ్ళలోంచి లాగిన పిల్లని తల్లులు ఇలాగే పట్టుకుని, మళ్ళీ మెట్టు దిగనివ్వరు. ఆ పిల్లలకి ఇక ఎప్పటికీ ఈత రాదు. నేను కూర్చోబెట్టి చెప్పాను. "నువ్వు వెళ్ళాలనుకున్నది నా నోటి వల్ల. నా నోరు మారిందో లేదో నాకే తెలియదు. నువ్వు నీ ఇంట్లో ఉండి, నన్ను చూడాలనిపించినప్పుడు రా. అప్పుడు నేనూ కాస్త నోరు అదుపులో పెట్టుకుంటాను." చాలాసేపు ఏడ్చింది. తరవాత ఒక్కసారి నవ్వి, చూడాలనిపించకపోతే, అంది. రప్పించుకునే బాధ్యత నాది అన్నాను.

పక్క ఊరు మాత్రం వద్దన్నాను. ఆ కొట్టు పైనున్న గది వెళ్ళి చూసొచ్చాను, స్నానాల గదికి కిటికీ లేదు. అమ్మాయి కొట్టు యజమాని కూడా మంచివాడు, పాత కొట్టులోనే ఉండమన్నాడు. అందుకని మా వీధుల్లోనే వాళ్ళకి ఇల్లు వెతకడం మొదలుపెట్టాను. ఇంట్లో అడుగు పెట్టగానే నేను వంటిల్లు చూడటం లేదు, గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతోందో చూస్తున్నాను. చూపించేవాళ్ళు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తున్నారు. కొన్ని ఇళ్ళు గడపలోనే కాదన్నాను.

నిన్న ఒకటి దొరికింది. నాలుగు సందుల అవతల, రెండు గదులు, ఎదురెదురు కిటికీలు. గీజరు వెలిగించమని, నేను వీధిలోకి వెళ్ళి నిలబడ్డాను. గోడలోంచి బయటికొచ్చిన గొట్టం దగ్గర చెయ్యి పెట్టి చూశాను. వేడి గాలి అంతా వీధిలోకే పోతోంది. లోపలికి వచ్చి సరే అన్నాను. తాళం చెవులు రెండూ మా కోడలి చేతిలో పెట్టాను. రెండోది నాకివ్వమని అడగలేదు. తనే ఇచ్చింది.

మీ వదిన